మొదటి మెట్టు

చిలకపాలెము కూడలిలో జాతీయ రహదారిని విడిచి పొందూరు దారి పట్టిన బాటసారి ఒక్క పూటలో రెండు యుగములను చూడవచ్చును. రహదారి చేరువను, ఎచ్చెర్లలో 2008లో వెలసిన అంబేద్కర్ విశ్వవిద్యాలయమును, పదవ తరగతి ముగించిన పల్లెటూరి బిడ్డలు ఆరేండ్ల చదువునకై చేరు ట్రిపుల్ ఐటీయును కలవు. దారి కొసను, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చుట్టి, ఒంటికదురు రాట్నముపై వంద నంబరు నూలు వడికెడి ముదుసలి స్త్రీలు నేటికిని కొందరు కలరు.

మిల్లు నూలు వచ్చి తరములు గడచినను ఆ రాట్నము ఆగలేదు గనుక కృత్రిమమేధకును మనము వెరవ నక్కరలేదని వాదించు మిత్రులు నాకు కలరు. కాని గాంధీజీ మెప్పును, 1949లో ఏర్పడిన ఖాదీ కార్మికుల సంఘమును, సర్కారు రాయితీయును లేకున్న ఆ రాట్నము ఏనాడో అటక యెక్కి యుండెడిది. ఆ నూలుతో నేసిన ఖాదీ పంచెను మెచ్చని నాయకుడు లేడు. తన కూతురును ఆ రాట్నము ముందు కూర్చుండబెట్టు తల్లి మాత్రము అరుదు. యంత్రము ముందు పనికి వెల తగ్గించును, పిమ్మట దానిని నేర్చువారిని రాకుండ జేయును.

కంప్యూటరు కొలువునకును ఇదే గతి పట్టునని నా భయము. సిక్కోలు (శ్రీకాకుళము) జిల్లా కుర్రవాడు హైదరాబాదుకో బెంగుళూరుకో పోయి మొదట చేయు పని యేమి? ఒకరు వ్రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుట, పట్టికలు నింపుట, ఫోనులో ఖాతాదారులకు బదులు చెప్పుట. విసుగు పుట్టించు పనులే యైనను వానితోనే చేయి తిరుగును. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన నాటినుండి యంత్రము చేపట్టుచున్నది ముఖ్యముగ ఈ పనులనే. ఈ జిల్లావారి తాతలు రంగూను ఓడలెక్కిరి, తండ్రులు చెన్నపట్నములో తాపీపనికి కుదిరిరి. వారిని అనుభవమున్ననే రమ్మని అడిగినవారు లేరు. ఇటుకలు మోసిన కూలీయే మూడేండ్లకు మేస్త్రీ యయ్యెను.

ఆ మొదటి మెట్టును కాపాడుటకు చట్టము లేకపోలేదు. ముప్పదిమంది గాని అంతకు మించి గాని పనివారున్న సంస్థలు నూటికి 2.5 వంతులకు తగ్గకుండ అప్రెంటిసులను చేర్చుకొనవలెనని 1961 నాటి అప్రెంటిసుల చట్టము, దాని నియమములు చెప్పుచున్నవి. అది అమలగుచున్నదో లేదో జనులకు తెలియుటకు, పైడిభీమవరపు మందుల కర్మాగారమైనను, విశాఖలో సర్కారు భూమి పొందు సాఫ్ట్‌వేర్ కంపెనీయైనను, ఏటేట ఎందరు క్రొత్తవారికి జీతమిచ్చి పని నేర్పినదో తన గేటు ముందు పలకపై వ్రాసి పెట్టవలెను. ఈసారి ఓటడుగ వచ్చినవారిని, ఆ పలక యెక్కడనని అడుగుడు.