మన కాలి క్రింది చరిత్ర

చరిత్ర అనగానే మన విద్యార్థులలో పలువురికి రాజుల వంశావళులు, యుద్ధాల తేదీలు మాత్రమే స్ఫురిస్తాయి. మనం నిలిచియున్న నేలకు సైతం ఒక చరిత్ర ఉన్నదని తలచేవారు అరుదు. పెనుగొండ పేరులో కొండ ధ్వనిస్తుంది. కాని కనుచూపుమేర వరిచేలే తప్ప కొండ కానరాదు. ఈ సమతల క్షేత్రమంతా గోదావరి వేల ఏండ్లుగా మోసుకొనివచ్చిన ఒండ్రుమట్టి.

సుమారు ఆరువేల ఏండ్ల క్రితం సముద్రతీరం నేటికంటె ఎంతో లోపలికి, కొల్లేటి చేరువలో ఉండేదని భూశాస్త్రజ్ఞుల అభిప్రాయం. సముద్రం వెనుకకు జరిగినకొలది మిగిలిన ఇసుకమెరకలు వరుసలు తీరి ఉపగ్రహ చిత్రాలలో నేటికీ గోచరిస్తాయి. మన పూర్వులు మెరకపై ఊరు కట్టి, పల్లాన్ని సేద్యానికి విడిచారు.

ఈ నేలకథకు మనుష్యుల కథను జోడించేదే పురావస్తు పరిశోధన. గుంటుపల్లి కొండను తొలిపించి బౌద్ధులు విహారాలు నెలకొల్పారు. పెదవేగి శాలంకాయనుల రాజధానిగా వెలిగింది. కోనసీమలోని ఆదుర్రులో ఇటుకల స్తూపం వెలసింది. రాజమహేంద్రవరం మసీదులోని పారశీక శాసనం 1324 నాటిది. 1839 నాటి ఉప్పెన కోరంగి రేవును ధ్వంసం చేసింది. 1852లో పూర్తియైన ధవళేశ్వరం ఆనకట్ట కాలువల ద్వారా ఈ సీమ రూపురేఖలనే మార్చివేసింది. నేడు ఎగువ జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడంచే డెల్టా పెరుగుదల మందగించి, కొన్నిచోట్ల తీరం కోతకు లోనవుతున్నది.

విచారకరమైన విషయమేమనగా, ఈ సాక్ష్యం మన కళ్లయెదుటనే నశిస్తున్నది. దిబ్బల మట్టి ఇటుకబట్టీలకు, పల్లాలు పూడ్చడానికి తరలిపోతున్నది. చేలు చేపల చెరువులవుతున్నాయి. ఇంటికి మట్టి వద్దా, రైతుకు ఆదాయం వద్దా అని ఎవరైనా ప్రశ్నింపవచ్చును. తప్పక కావలెను. త్రవ్వరాదని నా వాదం కాదు. త్రవ్వేముందు చూడవలెనని మాత్రమే. తన పొరనుండి వేరైన కుండపెంకు సాక్ష్యం చెప్పలేదు. అది వట్టి పెంకు.

ఈ కార్యానికి మన కళాశాల మిక్కిలి అర్హమైనది. తెలుగు లిపి, ఉర్దూ లిపి నేర్చినవారు ఇచ్చట ఒకే బల్లపై కూర్చుంటారు. ఒకరు గుడిస్తంభంపై అక్షరాలను గుర్తిస్తే, మరొకరు పాత గోరీపై వ్రాతను కూడబలుక్కొని చదువగలరు. ప్రతి విద్యార్థి సెలవులలో తన ఊరి దిబ్బల పేర్లు, పాతబావులు, శాసనాలు, వృద్ధులు చెప్పే వరదల సంగతులు ఒక పుస్తకంలో వ్రాసుకొని రావలెను. తానుగా పలుగు పట్టరాదు. విశేషం కనిపించినచో పురావస్తు శాఖకు తెలుపవలెను. ఆ పుస్తకాలను భద్రపరచడానికి గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం. ఖర్చు స్వల్పం, ఆలస్యమైతే నష్టం మాత్రం పూడనిది.