హార్డ్ డిస్క్‌కి డబ్బా లేకపోయినా పర్లేదు, సీరియల్ నంబర్ చూశారా?

మా కొవ్వూరులో హార్డ్ డిస్క్ కావాలని కంప్యూటర్ షాపుకి వెళ్తే, వెండి రంగు కవర్లో ఉన్న ఉత్త డిస్క్ చేతిలో పెడతారు. డబ్బా ఉండదు, సాటా కేబుల్ ఉండదు, నాలుగు స్క్రూలు కూడా ఉండవు. ఇది ఒరిజినల్ కాదేమో అని కొందరు వంతెన దాటి రాజమండ్రి వెళ్తారు. అక్కడా అదే కవర్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లినా మీకు ఎక్కువగా కనిపించేది అదే. నన్నడిగితే లూజ్ డిస్క్ హాయిగా కొనుక్కోవచ్చు. అనుమానపడాల్సింది డబ్బా గురించి కాదు.

అసలు ఆ డబ్బాలో ఏముంటుందని? కేబుల్ మదర్‌బోర్డుతో వస్తుంది, స్క్రూలు క్యాబినెట్‌తో వస్తాయి. మాన్యువల్ ఎవరూ చదవరు. స్టాటిక్ కరెంటు నుంచి సర్క్యూట్‌ని కాపాడేది ఆ వెండి రంగు కవరే.

తేడా అంతా వారంటీలో ఉంది. ఒకే మోడల్, ఒకే సైజు, పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉండే రెండు డిస్కులు తీసుకోండి. ఒకటి మనలాంటి వాళ్లకి అమ్మడానికి డీలర్ల ద్వారా వచ్చింది. రెండోది ఏ కంప్యూటర్ల కంపెనీకో విడిభాగంగా అమ్మితే, అక్కడ మిగిలి బజారుకి వచ్చింది. రెండోదాని సీరియల్ నంబర్ సీగేట్ లేదా డబ్ల్యూడీ వెబ్‌సైట్‌లో కొడితే, వారంటీ మా దగ్గర లేదు, కొన్నచోటే అడగండి అని వస్తుంది. వేరే దేశం కోసం తయారైన డిస్క్ అయితే ఇక్కడి సర్వీస్ సెంటర్ తీసుకోకపోవచ్చు. ఆ డిస్క్ రెండు మూడొందలు తక్కువకి వచ్చిందంటే, ఆ తగ్గింపు మీ వారంటీలోంచి కోసిందే.

కాబట్టి డబ్బులిచ్చే ముందే, కౌంటర్ దగ్గర నిలబడే, ఫోన్లో సీరియల్ నంబర్ కొట్టి చూడండి. నిమిషం పని. కవర్ మీద ఇండియాలో దిగుమతి చేసిన సంస్థ పేరు, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ కూడా వెతకండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానండి" అనే మాటకి మాత్రం పడిపోకండి. 18 శాతం జీఎస్టీ మిగిలిందని సంబరపడితే, రేపు డిస్క్ పోయినప్పుడు అది ఆ షాపులో కొన్నదే అని చూపించడానికి మీ దగ్గర కాగితం ముక్క ఉండదు.

వారంటీ కాలం కూడా పైనుంచి దిగిన శాసనమేం కాదు. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగితే డిస్కుల ధరలు ఆకాశానికంటాయి. సరిగ్గా అప్పుడే సీగేట్, డబ్ల్యూడీ రెండూ చాలా మోడళ్లకి వారంటీ తగ్గించేశాయి. డబ్ల్యూడీలోనే ఇప్పుడు బ్లూకి రెండేళ్లు, సీసీ కెమెరాల పర్పుల్‌కి మూడు, బ్లాక్‌కి ఐదు. కొనేటప్పుడు ధర పక్కన ఈ అంకె కూడా పెట్టి చూడండి.

మరి సీల్ ఉంటే కొత్తదే కదా అంటారా? 2025 జనవరిలో జర్మనీలో ఏమైందో చూడండి. బాగా వాడేసిన సీగేట్ సర్వర్ డిస్కులు కొత్తవాటి పేరుతో జనానికి అమ్ముడయ్యాయి. స్మార్ట్ రికార్డులో వాడిన గంటలు చెరిపేశారు. అయితే సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అని ఇంకో లాగ్ ఉంటుంది, అందులో వేల గంటలు అలాగే కనిపించాయి. కవర్ మళ్లీ అతికించడం ఎవరికైనా వస్తుంది. అందుకే ఇంటికెళ్లగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పవర్ ఆన్ అవర్స్ చూడండి. సీగేట్ అయితే స్మార్ట్‌సీటీఎల్‌తో ఫార్మ్ లాగ్ కూడా తీయండి. రెండూ పొంతన కుదరకపోతే మర్నాడే షాపు మెట్లెక్కండి.

మా ఊళ్లో ఈ గొడవ ఎక్కువగా తగిలేది గేమర్లకి కాదు, ఫోటో స్టూడియోల వాళ్లకి. మాఘమాసం, శ్రావణమాసం వస్తే పెళ్లి వీడియోలు టీబీల్లో పడతాయి. నాకు తెలిసిన ఒకాయన బిల్లు లేకుండా కొన్న డిస్క్ ఎనిమిది నెలలకే టక్ టక్ అని చప్పుడు చేసి ఆగిపోయింది. షాపతను కంపెనీ తీసుకోదండి అని చేతులెత్తేశాడు. అందులో మూడు పెళ్లిళ్లున్నాయి, ఇంకా ఆల్బమ్ కూడా ఇవ్వలేదు. నిజానికి వారంటీ ఉన్నా కొత్త డిస్క్ ఇస్తారు తప్ప ఆ పెళ్లిళ్లని తెచ్చివ్వరు. ఆయనకి నేను చెప్పింది, 8 టీబీ ఒకటి కాకుండా 4 టీబీవి రెండు కొని రెండింట్లోనూ ఒకే కాపీ పెట్టుకోమని.

ప్యాకింగ్ నిజంగా అవసరమయ్యే చోటు ఒకటుంది, కొరియర్. తిరిగే పళ్లేలున్న డిస్క్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పడేసి పంపే అమ్మకందార్లు ఆన్‌లైన్‌లో ఉన్నారు. అలా వస్తే విప్పేటప్పుడు వీడియో తీసి వెనక్కి పంపేయండి, ఆన్ అయినా సరే. షాపులో కొంటే ఈ బెడద లేదు, బైక్ మీద జేబులో కాకుండా బ్యాగులో తెచ్చుకుంటే చాలు. కేబుల్ లేదని బెంగ వద్దు, అడిగితే అదే షాపులో పాతదొకటి ఊరికే ఇస్తారు.