ఎర్రగడ్డ తప్పా, ఉల్లిపాయ ఒప్పా?

ఇంటర్ చదివే పిల్లలున్న తల్లులకు ఈ వారం నా మాటలు. తెలుగుదేముందిలే, ఇంట్లో మాట్లాడేదే కదా అని మనం ఆ సబ్జెక్టును పట్టించుకోం. లెక్కలకు ట్యూషన్, ఇంగ్లీషుకు ట్యూషన్, తెలుగుకు మాత్రం గైడు! కానీ ఆ వయసు పిల్లలకు ఇది తప్పు, ఇది ఒప్పు అని చెబితే చాలదండీ. ఎవరు ఒప్పన్నారు, ఎప్పట్నుంచి ఒప్పయింది అని అడిగే వయసు అది.

ఆళ్లగడ్డలో మా చెల్లెలి కూతురు సంత గురించి వ్యాసం రాస్తూ ఎర్రగడ్డలు, బొరుగులు అని రాసిందట. రెండింటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, పక్కన ‘గ్రామ్యం’ అని రాసిచ్చారు. మార్కులు పోతే పోనీయండి. అప్పట్నుంచి ఆ పిల్ల స్నేహితులు ఇంటికొస్తే చాలు, "అవ్వా, నువ్వు లోపలుండు, వాళ్ల ముందర మాట్లాడొద్దు" అంటోందట. అదీ నాకు కష్టమనిపించింది. సెలవులకు నంద్యాల వచ్చినప్పుడు మా వీధి పిల్లలు ముగ్గురిని కూడా పిలిచి, మధ్యాహ్నాలు ఇదే మాట్లాడుకున్నాం.

ఈ గ్రామ్యం అనే మాట మీద వందేళ్ల కిందట పెద్ద రగడే జరిగింది. అప్పట్లో పుస్తకాల తెలుగు వేరు, నోటి తెలుగు వేరు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు, విజయనగరం గురజాడ అప్పారావు గారు వాడుక భాషలోనే చదువు చెప్పాలన్నారు. జయంతి రామయ్య పంతులు గారు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారు ససేమిరా అన్నారు. వాడుక భాష ఊరికో తీరు, దాన్ని రాతకెక్కిస్తే కట్టుబాటు ఉండదని వాళ్ల బాధ. అదీ కొట్టిపారేసే మాట కాదు, పిల్లలకు ఆ పక్షం కూడా చెప్పండి. గురజాడ వారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు, మరుసటి ఏడే పోయారు. జీవితమంతా గ్రాంథికం రాసిన కందుకూరి వీరేశలింగం గారు కూడా చివరికి 1919లో వాడుక భాష వైపు వచ్చారు. గిడుగు వారి పుట్టినరోజు ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం.

సరే, వాడుక భాష గెలిచింది. ఎవరి వాడుక? చాలావరకు కోస్తా జిల్లాల్లో చదువుకున్న వాళ్లది. మన సీమ మాట, తెలంగాణ మాట మళ్లీ గ్రామ్యం కిందే మిగిలాయి. ఇది చెప్పేసరికి నలుగురు పిల్లలూ ఒక్కసారిగా లేచారు!

వాళ్లకు నేను పెట్టిన పరీక్ష వంటింటిదే. పప్పులో ఉప్పు వేయవలయును, వేయవలెను, వేయాలి, ఎయ్యల్ల. వీటిలో ఏది పాతది, ఏది కొత్తదో వరసలో పెట్టమన్నాను. మొదటి మూడూ చకచకా పెట్టారు. నాలుగోదాని దగ్గర ఆగిపోయారు. ఆ పాత ‘వలె’నే మన నోట్లో ‘అల్ల’ అయిందంటే ఆశ్చర్యపోయారు. మీ దగ్గర పాత వంటల పుస్తకాలు, పత్రికలు ఉంటే కిలోల లెక్కన అమ్మేయకండి, ఇలాంటి పనికొస్తాయి.

1962లో సాహిత్య అకాడమీ వారు భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల కోశం వేశారు. జిల్లాల్లో రైతులు వాడే మాటలన్నీ అందులోకెక్కాయి. రైతు నోటి మాటకు నిఘంటువులో చోటున్నప్పుడు ఎర్రగడ్డ చేసిన పాపమేమిటి?

పరీక్షలో ఏం రాయాలన్న దానిపై మాత్రం వాళ్లలో వాళ్లకే పడలేదు. దిద్దేవారు ఏ ఊరివారో తెలియదు కాబట్టి ఉల్లిపాయే రాయాలని ఇద్దరు. సంతలో అమ్మే మనిషి నోట ఉల్లిపాయ అనిపిస్తే అబద్ధం కాదా అని మిగతా ఇద్దరు. మాట్లాడే మనిషి మాటను గుర్తుల మధ్య పెట్టి ఎర్రగడ్డ అనే రాయండి, మీ సొంత వాక్యంలో ఉల్లిపాయ రాయండి అన్నాను. మా పిల్ల దానికీ ఒప్పుకోలేదు, "అట్లయితే మన మాట ఎప్పుడూ గుర్తుల మధ్యనేనా పెద్దమ్మా?" అంది.

మీ ఇంట్లో వేరుశెనగల్ని ఏమంటారు? బుడ్డలా, శెనక్కాయలా? అవ్వ, అమ్మ, పక్కింటి ఆమె చెప్పే మాటలన్నీ పిల్లల చేత ఒక నోటుబుక్కులో, ఎవరు ఏ ఊరివారో పక్కన వేసి రాయించండి. ఒక పేజీ నిండటానికి అరగంట కూడా పట్టదు.