చూరు నీళ్ల వాల్‌పేపర్
కంప్యూటర్ తెర మీద కదిలే వాల్‌పేపర్ కొత్త సరదా ఏమీ కాదు. 2007లోనే విండోస్ విస్టా అల్టిమేట్ కొన్నవాళ్లకు మైక్రోసాఫ్ట్ డ్రీమ్‌సీన్ అనే సదుపాయంగా దాన్ని ఇచ్చింది, విండోస్ 7 వచ్చేసరికి తీసేసింది. ఇప్పుడు అందుకోసం వాల్‌పేపర్ ఇంజిన్ అనే ప్రోగ్రాం కొనుక్కోవచ్చు, లైవ్లీ వాల్‌పేపర్ అయితే ఉచితం. కానీ ఎవరో చేసిన జలపాతాలూ నియాన్ నగరాలూ మనకెందుకండీ? వాన పడుతున్నప్పుడు ఫోన్‌ను స్టాండుకు బిగించి, చూరు నీళ్లను పదిహేను సెకన్లు వీడియో తీయండి. చివరి రెండు సెకన్లను మొదటి రెండింటిలోకి మెల్లగా కలిపేస్తే, వీడియో మళ్లీ మొదలయ్యే చోట అతుకు కనబడదు. అందులో కదిలేవి ఆ నీళ్లు మాత్రమే అయ్యుండాలి. ఐకాన్ల వెనక కూడా కదలిక ఉంటే ఫైలు వెతుక్కోవడమే ఓ పెద్ద పని. తెర నిండా మరో ప్రోగ్రాం తెరిస్తే వాల్‌పేపర్ ఆగిపోయే సెట్టింగ్ పెట్టుకోండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు మాత్రం మామూలు ఫొటోయే మేలు.