తామర, జాడించడం: అమ్మమ్మ దగ్గర విన్న రెండు మాటలు

ఈసారి వ్యాకరణం లేదు. దురద గురించి రాస్తాను.

నాకు చిన్నప్పటి నుంచి ఎగ్జిమా ఉంది. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ వస్తుంది. లండన్ చలికాలంలో ఇంకా ఎక్కువవుతుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు సెలవులకి గుంటూరు వెళ్ళాం. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని చూసి, "ఏంటే ఇది, తామర పట్టిందా?" అంది. తామర అంటే పువ్వు అని మాత్రమే నాకు తెలుసు. నా చేతి మీద ఆవిడకి పువ్వు కనపడిందనుకుని సంతోషించాను. సాయంత్రానికి నా తువ్వాలు వేరే దండెం మీద ఉంది. రాత్రి పిన్ని పిల్లల పక్కన నన్ను పడుకోనివ్వలేదు. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు.

ఆ మాటకి రెండో అర్థం చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మన ఇళ్ళలో చర్మం మీద దురద పెట్టే చాలావాటిని తామర అనేస్తారు. ఫంగస్ వల్ల గుండ్రంగా వచ్చే తామర ఒకటి ఉంది. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఎగ్జిమా అంటుకోదు. మందులు కూడా వేరు. ఎగ్జిమాకి డాక్టర్లు ఇచ్చే స్టెరాయిడ్ క్రీమ్‌ని ఫంగస్ తామర మీద రాస్తే అది ఇంకా పాకుతుంది. అందుకే ఊరు వెళ్ళే ముందు ఈ వాక్యం నేర్చుకోండి: "నాకు ఎగ్జిమా ఉంది, ఇది అంటుకోదు."

రెండో మాట జాడించడం. ఆ సెలవుల్లో నా తువ్వాలు అమ్మమ్మే పంపు దగ్గర ఉతికేది. సబ్బు కొంచెం, నీళ్ళు చాలా. "నురగ పోయేదాకా జాడించాలే" అనేది. సబ్బు పెట్టాక మంచి నీళ్ళలో ముంచి, ఆడించి, మళ్ళీ ముంచడమే జాడించడం. తామర విషయంలో అమ్మమ్మ పొరపాటు పడింది. జాడించే విషయంలో మాత్రం ఆవిడ మాటే మాట. ఏ డబ్బా కొన్నామా అని మనం చాలా ఆలోచిస్తాం. ఉతికాక బట్టలో ఏం మిగిలింది అని కూడా అంతే ఆలోచించాలని నా అభిప్రాయం.

ఇక్కడ షాపుల్లో బయో, నాన్-బయో అని రెండు రకాల పౌడర్లు ఉంటాయి. బయోలో మరకల్ని విడగొట్టే ఎంజైమ్‌లు ఉంటాయి. సున్నితమైన చర్మానికి నాన్-బయోనే వాడాలని అందరూ అంటారు. కానీ ఎంజైమ్‌ల వల్లే చర్మం పాడవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా నాన్-బయో డబ్బాల్లో కూడా చాలావాటికి ఘాటైన సెంటు ఉంటుంది. నేనైతే ముందు సెంటు లేనిది చూస్తాను. లేబుల్ మీద లినలూల్, లిమొనీన్ అని కనపడితే అవి సువాసన పదార్థాలే. మొదటిది లావెండర్‌లో, రెండోది నిమ్మ తొక్కలో సహజంగానే ఉంటాయి. అయినా కొందరికి పడవు. "సహజం" అని రాసి ఉన్నంత మాత్రాన మన చర్మానికి మంచిదని కాదు.

మా ఇంట్లో గొడవంతా ఫాబ్రిక్ కండిషనర్ దగ్గరే. "వాసన రాకపోతే ఉతికినట్టే ఉండదు" అని అమ్మ అంటుంది. సువాసన వేరు, శుభ్రం వేరు. కండిషనర్ పని బట్ట మీద ఉండిపోవడమే. నేను అది మానేశాను. పౌడర్ కొలిచి వేస్తున్నాను. మెషిన్‌లో బట్టలు కుక్కడం లేదు. ఎక్స్‌ట్రా రిన్స్ బటన్ నొక్కుతున్నాను, అంటే మెషిన్ చేత ఇంకోసారి జాడింపిస్తున్నాను. కొత్త బట్టలు ఉతికాకే వేసుకుంటున్నాను. కాలర్ తగిలే చోట ఎరుపు తగ్గింది. ఎగ్జిమా పోలేదు. అది సబ్బు మారిస్తే పోయే జబ్బు కాదు.

అందుకే ఖరీదైన పరిష్కారాలు కొనే ముందు ఆగండి. లండన్ నీళ్ళలో కాల్షియం ఎక్కువ, కెటిల్ లోపల తెల్లగా పేరుకుంటుంది. నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టిస్తే ఎగ్జిమా తగ్గుతుందని నేనూ ఆశపడ్డాను. ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2011లో వచ్చింది. ఆ యంత్రం వల్ల అదనంగా మేలు కనపడలేదు. ఆ డబ్బుతో మాయిశ్చరైజర్ కొనుక్కోవచ్చు. లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్‌లలో ఏది మేలు అని 550 మంది పిల్లల్లో పోల్చారు. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి, ఒకటి గొప్ప అని తేలలేదు. మీరు రోజూ విసుగు లేకుండా రాసుకునేదే మంచిది.

ఒక జాగ్రత్త. ఈ క్రీములు బట్టలకి అంటి ఎండిపోతే, ఆ బట్టకి నిప్పు తొందరగా అంటుకుంటుంది. ఉతికినా అది పూర్తిగా పోదు. దీపం వెలిగించేటప్పుడు చున్నీ, చేతులు జాగ్రత్త.

దురద పెడుతున్నవాళ్ళతో "గోకకు!" అనకండి. ఆ మాట వల్ల ఎవరి దురదా తగ్గలేదు. చల్లటి తడిగుడ్డ ఇవ్వండి. క్రీమ్ డబ్బా అందించండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోమని మామూలు సమయంలో చెప్పండి. చర్మం నుంచి రసి కారినా, నొప్పి పెరిగినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

పోయినేడాది ఫోన్‌లో ఆ వాక్యం అమ్మమ్మకి చెప్పాను. "అమ్మమ్మా, నాది ఎగ్జిమా, అంటుకోదు."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడే చెప్పొచ్చు కదే తల్లీ, నా పక్కన పడుకోబెట్టుకునేదాన్ని" అంది.

"అప్పుడు నాకు తెలుగు రాదు కదా, అమ్మమ్మా" అన్నాను.