మూర పూలు

కోసిన పూవును వాడనీయక నిలుపుటలో మన స్త్రీలకు గల నేర్పు సామాన్యమైనది గాదు. మల్లెమొగ్గలను ఎండ ముదురకమునుపే కోయవలెను. తడిపి పిండిన గుడ్డపై అరటియాకు పఱచి, మొగ్గలు నలగకుండ చుట్టి చల్లనిచోట నుంచినచో సాయంకాలమునకు విచ్చును. కనకాంబరమునకు వాసన లేదు, కాని త్వరగా వాడదు. కావుననే దానిని మల్లెతోడను మరువముతోడను జతగూర్చుదురు. గులాబికాడలను నీటికూజాలో నుంచువారు కాడను ఏటవాలుగా కోసి, నీట మునుగు నాకులను త్రుంచి, దినదినము నీరు మార్చవలెను. మునిగిన యాకు క్రుళ్లినచో ఆ మురికి కాడలోని సన్నని నాళములను మూసివేయును. పండిన యరటిపండ్ల దాపున పూలనుంచరాదు. పండ్లనుండి వెలువడు ఇథిలీను వాయువు పూవును శీఘ్రముగ వడలించును.

ఈ వాయువు మాట తప్ప తక్కినదంతయు మాకు నేర్పినది మా మేనత్తగారు. ఆమె యిరువదిరెండవయేట భర్తను గోల్పోయెను. ఇంట పెండ్లియైనను పేరంటమైనను తెల్లవారుజామున లేచి గంపెడు మొగ్గలు మాలకట్టునది ఆమెయే. "అరటినార తడపకుండా కట్టకే అమ్మాయీ, పొడినార కాడను కోస్తుంది" అని మా చెల్లెండ్రతో ననుచుండెడిది. మాలలు పళ్లెరములలో ముందుగదిలోనికి పోయెడివి. ఆమె వెనుకగదిలోనికి పోయెడిది. ఒకనాడు మా చిన్నచెల్లెలు మూరెడు త్రుంచి ఆమె కొప్పున తుఱుమబోయెను. పెద్దలు పిల్లను కొట్టలేదు, తిట్టలేదు. ఆ పూట ఇంట నెవ్వరును నోరు విప్పలేదు.

పూవు సౌభాగ్యచిహ్నమట! భర్తతోడనే పోవునట! మూడేండ్ల పిల్లకు పూలజడ వేయునాడు ఆ భర్త యెక్కడ నుండెను? తాళి యతడు కట్టినదే, దానిని గూర్చి వాదింపుడు. పూవు తల్లి పెట్టినది. భార్య పోయిన మగవాడు మరల పెండ్లికొడుకై మెడనిండ దండ వేసికొనును గదా, అతని నేల యడుగరు? తెలంగాణమున బీళ్లలో తమంతట మొలచు తంగేడును గునుగును బతుకమ్మగా పేర్చి స్త్రీలు గౌరీదేవి యని కొలుతురు. ఆ యర్థము మొక్కతో మొలచినదా? మనము పెట్టినది. పెట్టినవారు తీయను గలరు.

వితంతు వివాహ శాసనము 1856లో వచ్చెను. 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. పెండ్లికే యడ్డు తొలగినను మూర పూలకు తొలగలేదు. 2022లో మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లా హేర్వాడ గ్రామస్థులు వితంతువుల బొట్టు తుడుచుట, గాజులు పగులగొట్టుట మొదలగు నాచారములను మానవలెనని తీర్మానించిరి. మన నగరములలో ననేకులు తీర్మానము లేకయే వీనిని విడిచిరి. కాని విడిచినవారే పెండ్లిపందిట నడుగిడగానే పసుపుకుంకుమల పళ్లెరమును ఆమెను దాటించి పోనిత్తురు. "ఆమెయే వలదనుచున్నది" అని సమాధానము చెప్పుదురు. నలువదియేండ్లు వలదనుట నేర్పి, నేర్చిన తరువాత ఆమె యిష్టమనుట చమత్కారమే!

మేమును ఆ యింటివారమే. మూర పూలీయని చేతులతోనే కడపటినాడు ఆమె పాడెపై గంపెడు బంతిపూలు పోసితిమి. మాలకట్టువా రింట లేకపోయిరి, విడిపూలే పోసితిమి.