సొంత రౌండ్ ఫంక్షన్‌ని ఎప్పుడు సాగనంపాలి?

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు నా పాత కోడు చూసి, "అన్నా, రౌండ్ చెయ్యడానికి మనం సొంతంగా ఫంక్షన్ ఎందుకు రాసుకున్నాం? లైబ్రరీలోనే ఉంది కదా?" అని అడిగాడు. రాసింది నేనే, 2008లో. వెంటనే ఏం చెప్పాలో తోచలేదు.

కారణం లేకపోలేదు లెండి. రౌండ్, ట్రంక్, లాగ్2 లాంటివి సీ భాష ప్రమాణంలోకి 1999లోనే వచ్చాయి. కానీ మేం వాడే మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లోకి వచ్చేసరికి విజువల్ స్టూడియో 2013 అయింది. మధ్యలో ఆ పధ్నాలుగేళ్ళూ విండోస్ మీద పని చేసినవాళ్ళు ఏం చేస్తారు? సంఖ్యకి 0.5 కలిపి ఫ్లోర్ తీసెయ్యడమే. నేనూ అదే చేశాను.

ఆ చిట్కా పూర్తిగా సరైంది కూడా కాదు. 0.49999999999999994 అనే డబుల్‌కి 0.5 కలిపి చూడండి, కచ్చితంగా 1 వస్తుంది. అంటే సగం కన్నా తక్కువున్నది కాస్తా ఒకటైపోతుంది. జావా 6 దాకా జావా రౌండ్ కూడా ఇలాగే ఉండేది, జావా 7లో సరిచేశారు. వాళ్ళకే అన్నేళ్ళు పట్టింది, నాదేముంది :)

2013 తర్వాత కారణం పోయింది, ఫంక్షన్ మాత్రం ఉండిపోయింది. ఇక్కడే అందరూ రెండు పార్టీలైపోతారు. "పని చేస్తున్నదాన్ని కెలకడం ఎందుకు" అనేది ఒకటి. "ప్రమాణంలో ఉన్నప్పుడు మనదెందుకు, పీకి పారేయండి" అనేది రెండోది. నేను రెండో పార్టీ. ఓ శుక్రవారం సాయంత్రం (అవును, శుక్రవారమే) మా బిల్లింగ్ లైబ్రరీలో సొంత రౌండ్ తీసేసి ప్రామాణిక రౌండ్ పెట్టేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి.

నెలాఖరులో క్లయింటు నుంచి ఫోను. రీఫండ్ల మొత్తం పాత సిస్టమ్‌తో కలవడం లేదట. తేడా ఒక్కో బిల్లుకి ఒక పైసా. రెండు రాత్రులు కూర్చుంటే గానీ అర్థం కాలేదు. రీఫండ్ అంటే మైనస్ సంఖ్య. మైనస్ 2.5 పైసలకి నా పాత ఫంక్షన్ మైనస్ 2 ఇస్తుంది, ప్రామాణిక రౌండ్ మైనస్ 3 ఇస్తుంది. మా టెస్టుల్లో మైనస్ సగం ఒక్కటీ లేదు. క్లయింటు లెక్కలన్నీ ఏళ్ళ తరబడి నా 'తప్పు' మీదే సర్దుకుని నడుస్తున్నాయి. చేసేది లేక పాతది మళ్ళీ పెట్టాం. కుర్రాడి ప్రశ్నకి అసలు జవాబు ఇదన్నమాట.

పైథాన్‌వాళ్ళు ఈ పని ఎంత జాగ్రత్తగా చేశారో చూడండి. గసాభా కనుక్కునే జీసీడీ మొదట ఫ్రాక్షన్స్ మాడ్యూల్‌లో ఉండేది, రెండో సంఖ్య మైనస్ అయితే జవాబూ మైనస్సే ఇచ్చేది. 2015లో, 3.5తో, మ్యాథ్ మాడ్యూల్‌లోకి కొత్తది వచ్చింది, దాని జవాబు ఎప్పుడూ మైనస్ కాదు. పాతదాన్ని వెంటనే పీకెయ్యలేదు, దాని గుణం మార్చనూ లేదు, హెచ్చరిక తగిలించి వదిలేశారు. 2020లో 3.9తో గానీ తీసెయ్యలేదు. మన మేనేజర్లు ఐదేళ్ళు ఆగుతారా అంటే, అది వేరే కథ.

నా మట్టుకు నేను ఇప్పుడు చూసేది ఒకటే: ఈ ఫంక్షన్ చేసేది లెక్కా, లేక ఎవరితోనో కుదిరిన ఒప్పందమా? తెలుసుకోవాలంటే అసలు డేటా మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన ఓ నెల నడపాలి. మైనస్ సగాలు, మరీ పెద్ద సంఖ్యలు, నాన్ విలువలు అన్నీ వెయ్యాలి. తేడా రాకపోతే, వచ్చినా దాని మీద ఎవరూ ఆధారపడకపోతే, నిస్సంకోచంగా తీసెయ్యొచ్చు. ఎవరో ఆధారపడ్డారంటే అది గణితం కాదు, వ్యాపార నియమం. దానికి 'రౌండ్' అనే పేరే తప్పు.

వేగం కోసం రాసుకున్నవాటికి ఇంత విచారణ కూడా అక్కర్లేదు, కొలిస్తే చాలు. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఎక్స్‌ప్, లాగ్, పౌ కొత్తగా రాశారు. అంతకు ముందు కొలతలు చూపించి "మనదే ఫాస్టు" అంటే నేనైతే ఒప్పుకోను.

కుర్రాడికే ఆ పని అప్పజెప్పాను. మొత్తం పదకొండు తేలాయి. తొమ్మిది పోయాయి. రౌండ్ పేరు 'రీఫండ్ పైసా రౌండ్' అయింది, పైన మైనస్ 2.5 కథంతా కామెంటుగా రాశాడు. పదకొండోది ఎందుకు రాశామో ఎవరికీ గుర్తు లేదు. హెచ్చరిక తగిలించి, ఎవరు పిలుస్తారో లాగుల్లో చూస్తున్నాం.